12 నానోమీటర్ల పొరలో మారింది పాలిమరా, కొలతా?

ముందుగా మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. గాజు పలక మీద అల్యూమినియం పట్టీ వేశారు. దాని మీద స్పిన్ కోటింగ్‌తో, అంటే పలకను గిర్రున తిప్పుతూ ద్రావణాన్ని పరిచి, పాలీవినైల్ అసిటేట్ అనే పాలిమర్ పొర, ఆపైన అడ్డంగా మరో అల్యూమినియం పట్టీ. ఆ కెపాసిటర్‌ను డైఎలెక్ట్రిక్ స్పెక్ట్రోస్కోపీలో పెట్టారు, అంటే పాలిమర్‌లోని ద్విధ్రువాలు (రెండు కొసల్లో వ్యతిరేక ఆవేశాలున్న అణుభాగాలు) మారే వోల్టేజీకి ఏ పౌనఃపున్యంలో ఎలా స్పందిస్తాయో కొలిచారు. 100 నానోమీటర్ల పొర పుస్తకంలో చెప్పినట్టే నడిచింది. 12 నానోమీటర్ల పొరలో మాత్రం మూడు తేడాలు కనిపించాయి. గొలుసు ఖండాల కదలికను చూపే ఆల్ఫా శిఖరం బలం మూడో వంతు తగ్గింది. శిఖరం స్థానం సుమారు ఒకటిన్నర రెట్ల పౌనఃపున్యానికి జరిగింది. 400 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంతకుముందు లేని శిఖరం ఒకటి లేచింది. ఇరుకులో పెట్టినందువల్ల కొన్ని ద్విధ్రువాలు స్తంభించాయని, మిగిలినవి వేగం పుంజుకున్నాయని, కొత్త శిఖరం ఉపరితల పొరదని రాయవచ్చా అని అడిగారు. పత్రాల్లో గాజు పరివర్తన ఉష్ణోగ్రత (గాజులా గట్టిగా ఉన్న పాలిమర్ మెత్తబడే ఉష్ణోగ్రత), అంటే టీజీ, తగ్గిందని కొందరు, పెరిగిందని కొందరు, మారలేదని ఇంకొందరు రాస్తుంటే ఎవరిని నమ్మాలన్నది రెండో ప్రశ్న.

మొదటిదానికి జవాబు: ఇప్పుడే రాయకండి. ఆ మూడింటిలో రెండు దాదాపు పూర్తిగా మీ సర్క్యూట్ పనే కావచ్చు. మూడోదాంట్లో కొంత భాగమూ అంతే. అంకెలతో చూద్దాం.

400 కిలోహెర్ట్జ్ శిఖరంతో మొదలుపెడతాను, ఎందుకంటే అది అందరినీ ఊరిస్తుంది. మీ పట్టీలు ఒకదాన్నొకటి దాటే చోటు 2 మిల్లీమీటర్లకు 2 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆల్ఫా ప్రక్రియ ముగిశాక, అధిక పౌనఃపున్యంలో, పాలీవినైల్ అసిటేట్ డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 3 చుట్టూ ఉంటుంది. ఆక్సైడ్‌ను కూడా కలుపుకుంటే 12 నానోమీటర్ల పొరకు కెపాసిటెన్స్ సుమారు 8 నానోఫారడ్లు వస్తుంది. ఇక పలచని అల్యూమినియం పట్టీలు, వెండి పేస్టు, తీగలు అన్నీ కలిపి 50 ఓమ్‌ల నిరోధం ఉందనుకోండి. ఇదేమీ అతిశయోక్తి కాదు, పట్టీ మరీ పలచనైతే ఇంకా ఎక్కువే ఉంటుంది. నిరోధం R, కెపాసిటర్ C శ్రేణిలో ఉంటే 1/(2πRC) దగ్గర నష్ట శిఖరం, అంటే శక్తి ఎక్కువగా వేడిగా పోయే చోటు, వస్తుంది. 50 ఓమ్‌లు, 8 నానోఫారడ్లు వేసి లెక్క కట్టండి. సరిగ్గా 400 కిలోహెర్ట్జ్ ప్రాంతమే. 100 నానోమీటర్ల పొరకు కెపాసిటెన్స్ ఒక నానోఫారడ్ చిల్లర, కాబట్టి అదే శిఖరం 3 మెగాహెర్ట్జ్‌కు పోతుంది. మీరు 1 మెగాహెర్ట్జ్ దగ్గర కొలత ఆపేశారు, అందుకే అక్కడ కనిపించలేదు. పొర పలచనయ్యేకొద్దీ ఈ శిఖరం కిందికి దిగుతూ వస్తుంది. దాన్ని చూసి, పొర పలచనయ్యేకొద్దీ అణువులు మందగించాయని రాయాలనిపించడం సహజమే. పరీక్ష మాత్రం సులువు. ఉష్ణోగ్రతను పది డిగ్రీలు మార్చి చూడండి. నిజమైన ఆల్ఫా శిఖరం పరుగులు పెడుతుంది, ఇది దాదాపు ఉన్నచోటే ఉంటుంది. అప్పటికీ సందేహం తీరకపోతే పట్టీ మందాన్ని 50 నుంచి 150 నానోమీటర్లకు పెంచి ఇంకో నమూనా చేయండి. నిరోధం తగ్గుతుంది, శిఖరం పైకి పోతుంది. ఎలక్ట్రోడ్ మందం మారితే జరిగే శిఖరం పాలిమర్‌ది కాదు.

ఇప్పుడు మూడో వంతు బలం ఎటు పోయిందో చూద్దాం. అల్యూమినియానికి గాలి తగిలితే చాలు, రెండు నుంచి నాలుగు నానోమీటర్ల ఆక్సైడ్ కప్పుకుంటుంది. దాని డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 9 చుట్టూ ఉంటుంది. అది మీ పాలిమర్‌తో శ్రేణిలో ఉన్న ఇంకో కెపాసిటర్. 100 నానోమీటర్ల పొరలో దాన్ని పట్టించుకోనక్కర్లేదు. 12 నానోమీటర్లలో కథ వేరు. రెండు వైపులా కలిపి ఆక్సైడ్ 4 నానోమీటర్లు అనుకుందాం. పాలిమర్‌కు అధిక పౌనఃపున్యంలో స్థిరాంకం 3, ఆల్ఫా ప్రక్రియ బలం 6. ఒక్క అణువు ప్రవర్తన కూడా మారలేదనుకుని, అన్నీ పెద్ద ముద్దలో (పలచని పొర కాని మామూలు పాలిమర్‌లో) ఉన్నట్టే కదులుతున్నాయనుకుని శ్రేణి సూత్రం వేయండి. ఆక్సైడ్‌ను విస్మరించి మందం 12 అని భాగిస్తే మీకు కనిపించే బలం 6 కాదు, 4. మీ మూడో వంతు అక్కడే ఉంది, ఏ ద్విధ్రువమూ స్తంభించనక్కర్లేదు. అదే లెక్కలో శిఖరం 1.2 రెట్లు ఎక్కువ పౌనఃపున్యానికి జరుగుతుంది, ఎందుకంటే శ్రేణిలో ఉన్న స్థిరమైన కెపాసిటర్ కనిపించే సడలింపు కాలాన్ని, అంటే ద్విధ్రువాలు సర్దుకోవడానికి పట్టే కాలాన్ని, కుదిస్తుంది. కదలిక లేని ఒక పొర పక్కన ఉన్నందువల్ల మిగిలినదంతా వేగంగా కదులుతున్నట్టు కనిపించడం ఈ రంగంలో పాత మోసం.

ఆ 1.2 పోగా మీ ఒకటిన్నర రెట్లలో మిగిలేది సుమారు 1.25. టీజీ దగ్గర పాలీవినైల్ అసిటేట్ ఆల్ఫా పౌనఃపున్యం ఒక్క డిగ్రీకి దాదాపు రెట్టింపవుతుంది. మీరు కొలిచిన కిలోహెర్ట్జ్ ప్రాంతంలో వేగం అంతకంటే తక్కువే, అయినా 1.25 రెట్లంటే ఒక డిగ్రీ అటూ ఇటూ. మీ థర్మోకపుల్ గాజు పలక కింద ఉందా, పొర పక్కన ఉందా? వేరే వేరే రోజుల్లో వేరే వేరే పలకలను పెట్టినప్పుడు ఆ ఒక్క డిగ్రీ మీద మీకు నమ్మకముందా? పైగా పాలీవినైల్ అసిటేట్ తేమను పీల్చుకుంటుంది, పీల్చుకున్న నీరు టీజీని దించుతుంది. వర్షాకాలంలో, ముఖ్యంగా తీరప్రాంతంలో ఉన్న ల్యాబులో, పొడి నైట్రోజన్ లేకుండా చేసిన కొలతలో ఒక డిగ్రీ తేడాను ఇరుకు ప్రభావం ఖాతాలో వేయడానికి నేను ఒప్పుకోను.

ఆక్సైడ్ ఎంతుందో ఊహించనక్కర్లేదు, కొలవవచ్చు. 12, 20, 35, 60, 100 ఇలా నాలుగైదు మందాల్లో కెపాసిటర్లు చేయండి. మందాన్ని మాత్రం స్పిన్నింగ్ వేగం పట్టికలోంచి తీసుకోకండి. పొర మీద బ్లేడుతో గీత గీసి అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపుతో ఆ మెట్టు ఎత్తు కొలవండి. ఒకే ఉష్ణోగ్రతలో, ఒకే పౌనఃపున్యంలో, 1/C ని మందానికి ఎదురుగా గీయండి. సరళరేఖ వస్తుంది. అది సున్నా మందం దగ్గర సున్నాను తాకదు. ఎంత ఎత్తులో నిలువు అక్షాన్ని కోస్తుందో అంతా పాలిమర్ కాని దాని వాటా. దాన్ని తీసేసి ప్రతి స్పెక్ట్రమ్‌నూ మళ్లీ లెక్కించండి. రేఖ పలచని పొరల దగ్గర వంగితే అప్పుడు సంతోషించండి. అక్కడ పాలిమర్‌లో నిజంగా ఏదో మారి ఉండవచ్చు. లేదా అల్యూమినియం గరుకుదనం పొర మందంలో గణనీయమైన భాగమైపోయి ఉండవచ్చు. ఆవిరి పూత అల్యూమినియానికి గరుకుదనం కొన్ని నానోమీటర్లు ఉండటం మామూలే.

వోల్టేజీ గురించి ఒక మాట. 1 వోల్టు చిన్నదే అనిపిస్తుంది. 12 నానోమీటర్ల మీద అది మీటరుకు 8 కోట్ల వోల్టులకు పైగా. అలాంటి క్షేత్రంలో వచ్చే స్పందనను సరళ స్పందన (వోల్టేజీకి అనులోమంగా ఉండేది) అనలేం. 0.1 వోల్టుకు దించండి, 0.05 అయితే ఇంకా మంచిది, రెండింటిలోనూ ఒకే వక్రరేఖ వస్తుందో లేదో చూడండి. తక్కువ పౌనఃపున్యం వైపు అయాన్ల మలినాలు ఇంకో తలనొప్పి. పొర పలచనైతే అయాన్లకు ఎలక్ట్రోడ్ దాకా దూరం తగ్గుతుంది, అవి అక్కడ పేరుకుపోయే ప్రక్రియ ఎక్కువ పౌనఃపున్యంలోనే మొదలై ఆల్ఫా శిఖరాన్ని కింది వైపు నుంచి తినేస్తుంది. డైఎలెక్ట్రిక్ స్థిరాంకపు వాస్తవ భాగాన్ని అవకలనం చేసి నష్ట భాగాన్ని రాబట్టే పద్ధతి శుద్ధ వాహకతను తీసేస్తుంది కానీ ఈ పేరుకుపోవడాన్ని తీసేయదు. చాలామంది ఈ తేడా చూసుకోరు.

ఇక రెండో ప్రశ్న. ఎవరు చెప్పింది నిజం? ఎవరూ అబద్ధం చెప్పలేదు, కాని అందరూ కొలిచింది ఒకే వస్తువును కాదు, ఒకే రాశినీ కాదు.

కథ గట్టిగా మొదలైంది 1994లో. జోసెఫ్ కెడ్డీ, రిచర్డ్ జోన్స్, కోరీ కలిసి సిలికాన్ మీద పాలీస్టైరీన్ పొరల మందం ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందో ఎలిప్సోమెట్రీతో, అంటే పరావర్తనం చెందిన కాంతి ధ్రువణాన్ని బట్టి, కొలిచారు. 40 నానోమీటర్ల కంటే పలచనైతే టీజీ పడిపోతోందని తేల్చారు. పలచబడేకొద్దీ తగ్గుదల అంతకంతకూ నిటారుగా ఉంది. అదే ఏడాది అదే బృందం పీఎంఎంఏను (పాలీమిథైల్ మెథాక్రిలేట్‌ను) తీసుకుంది. బంగారం మీద టీజీ తగ్గింది, సిలికాన్ ఆక్సైడ్ మీద పెరిగింది. పాలిమర్ అదే, ప్రయోగం అదే, మారింది కింద ఉన్న ఉపరితలం ఒక్కటే. పీఎంఎంఏలోని ఎస్టర్ సమూహం ఆక్సైడ్ మీద ఉన్న హైడ్రాక్సిల్ సమూహాలతో హైడ్రోజన్ బంధం వేసుకుంటుంది, బంధం పడ్డ చోట కదలిక మందగిస్తుంది. మీ పాలీవినైల్ అసిటేట్‌లోనూ ఎస్టరే ఉంది, మీ అల్యూమినియం ఆక్సైడ్ మీదా హైడ్రాక్సిల్సే ఉంటాయి. కాబట్టి మీ నమూనాలో నేను ఎదురుచూసేది మందగింపునే, వేగాన్ని కాదు. మీ వేగం మీద నాకు అనుమానం రావడానికి ఇది కూడా కారణం.

1996లో ఫారెస్ట్, డల్నోకి-వెరెస్, స్టీవెన్స్, డచర్ కింద ఏ ఆధారమూ లేకుండా గాలిలో వేలాడే పాలీస్టైరీన్ పొరలను కొలిచారు. రెండు వైపులా స్వేచ్ఛా ఉపరితలమే. ఇక్కడ టీజీ 70 డిగ్రీల దాకా పడింది. తిరునాళ్ల గుంపులో అంచున ఉన్నవాడు తేలిగ్గా పక్కకు తప్పుకుంటాడు, నడిమధ్య ఉన్నవాడు చుట్టూ ఉన్నవాళ్లు కదిలితే తప్ప కదల్లేడు. ఉపరితలం మీది పాలిమర్ ఖండానికీ అంతే, ఒక వైపు పొరుగువారే లేరు. 2003లో ఎలిసన్, టోర్కెల్సన్ దీన్ని అందంగా చూపించారు. మందమైన పాలీస్టైరీన్‌లో ఒక్క పలచని పొరకు మాత్రమే ఫ్లోరెసెన్స్ రంగు తగిలించి, ఆ పొరను పైన పెట్టి, లోపల పెట్టి కొలిచారు. పైనున్న 14 నానోమీటర్ల పొర టీజీ పెద్ద ముద్దతో పోలిస్తే 32 డిగ్రీలు తక్కువ. అంటే పలచని పొరలో ఒక టీజీ అంటూ లేదు, పైనుంచి కిందికి మారుతూ పోయే వరుస ఉంది. మీకు వచ్చేది ఆ వరుస మీద మీ పరికరం తీసిన సగటు.

ఇప్పుడు మీ పొరను చూడండి. పైనా కిందా లోహమే, స్వేచ్ఛా ఉపరితలమే లేదు. 2003లోనే షార్ప్, ఫారెస్ట్ పాలీస్టైరీన్ పొరలను లోహంతో రెండు వైపులా కప్పి చూశారు, తగ్గుదల మాయమైంది. మరి జపాన్‌లో ఫుకావో, మియామోతో 2000 ప్రాంతంలో అల్యూమినియం ఎలక్ట్రోడ్ల మధ్య పెట్టిన పాలీస్టైరీన్‌లోనే డైఎలెక్ట్రిక్ కొలతలతో తగ్గుదల చూశారు కదా అంటారు. చూశారు. ఇక్కడే అనీలింగ్, అంటే పొరను టీజీకి పైన వేడి చేసి ఉంచడం, ప్రవేశిస్తుంది, దీని మీద కాస్త ఆగుతాను.

స్పిన్ కోటింగ్‌లో ద్రావణి కొన్ని సెకన్లలో ఆవిరైపోతుంది. గొలుసులకు సర్దుకునే సమయం దొరకదు. సాగి, బిగుసుకుని, గోడకు సరిగా అంటుకోకుండా అలాగే గడ్డకట్టేస్తాయి. తరువాత టీజీకి పైన వేడి చేస్తే రెండు పనులు జరుగుతాయి. బిగువు సడలుతుంది, మిగిలిన ద్రావణి పోతుంది. ఇది తొందరగానే అవుతుంది. గొలుసులు ఒక్కో ఖండంగా గోడకు శాశ్వతంగా అంటుకోవడం మాత్రం చాలా నెమ్మది. సిమోనే నాపోలిటానో, మిఖాయెల్ వుబ్బెన్‌హోర్స్ట్ 2011లో ఈ రెండో గడియారాన్నే చూపించారు. అల్యూమినియం మధ్య ఉన్న పాలీస్టైరీన్‌ను గంటల కొద్దీ వేడి చేస్తూ పోతే గోడకు అంటుకున్న పొర పెరుగుతుంది, దానితోపాటు టీజీ తగ్గుదల కరిగిపోతూ పెద్ద ముద్ద విలువకు చేరుతుంది. దీనికి పట్టే కాలం గొలుసు తన పొడవంతా పాకి కొత్త చోటికి చేరే కాలం కంటే ఎక్కువ కావచ్చు. అంటే గొలుసులు సడలడానికి సరిపడా వేడి చేశాం కాబట్టి పొర సమతాస్థితిలో ఉంది అనే మామూలు వాదన చెల్లదు. ఇద్దరు ఒకే మందం, ఒకే పాలిమర్, ఒకే ఎలక్ట్రోడ్ తీసుకుని, ఒకరు రెండు గంటలు, ఇంకొకరు రెండు రోజులు వేడి చేస్తే రెండు వేర్వేరు జవాబులు వస్తాయి, రెండూ నిజాయితీ గల జవాబులే. పత్రం చదివేటప్పుడు నేను మొదట తిప్పేది గ్రాఫుల పేజీ కాదు, నమూనా తయారీ పేరా.

మరో కారణం, రాశి వేరు కావడం. ఎలిప్సోమెట్రీలో మీరు చల్లార్చుకుంటూ పోతారు, పొర ఎక్కడ సమతాస్థితి తప్పుతుందో అది టీజీ. డైఎలెక్ట్రిక్‌లో ద్రవస్థితిలోనే, టీజీకి పైన, సెకనుకు వెయ్యి సార్లో లక్ష సార్లో జరిగే చిన్న కదలికను వింటారు. అంత పైన ఉపరితలానికీ లోపలికీ తేడా చాలా పలచన. ఫక్రాయి, ఫారెస్ట్ 2005లో చల్లార్చే వేగాన్నే మార్చి చూశారు. నెమ్మదిగా చల్లార్చితే పలచని పాలీస్టైరీన్‌లో తగ్గుదల పెద్దది. నిమిషానికి 90 డిగ్రీలు దాటించితే దాదాపు లేదు. అంటే లైప్‌జిగ్‌లో ఫ్రీడ్రిష్ క్రెమర్ బృందం డైఎలెక్ట్రిక్‌తో 5 నానోమీటర్ల పాలీస్టైరీన్‌లోనూ మూడు డిగ్రీలకు మించి మార్పు లేదని చెప్పడం, రోస్టాక్‌లో షిక్ బృందం చిప్ కేలరీమెట్రీతో (చిన్న చిప్ మీద ఉష్ణధారణను కొలిచే పద్ధతితో) అదే చెప్పడం, కెడ్డీ కొలతతో నేరుగా ఢీకొనవు. వేరే కాలమానంలో వేరే ప్రశ్న అడిగారు. క్రెమర్ బృందం 2013లో ఉపరితలం మీద విడివిడిగా చుట్టుకుని పడున్న ఒక్కొక్క పాలీ(2-వినైల్‌పిరిడిన్) గొలుసు సడలింపును కూడా కొలిచింది, అక్కడా వేగం పెద్ద ముద్దకు దగ్గరే. నేనైతే డైఎలెక్ట్రిక్ ఆల్ఫా శిఖరంలో కప్పిన పొరకు పెద్ద మార్పు వచ్చిందంటే ముందు తయారీని, తరువాత సర్క్యూట్‌ను, అప్పుడే పాలిమర్‌ను అనుమానిస్తాను.

అలాగని ఇరుకు ప్రభావం లేదని కాదు. ఏ పొడవును ఇరికిస్తున్నారో చూడాలి. ఆల్ఫా ప్రక్రియలో కలిసి కదిలే ప్రాంతం టీజీ దగ్గర కూడా కొన్ని నానోమీటర్లే. 12 నానోమీటర్ల పొర దానికి విశాలమైన గదే. గొలుసు మొత్తం చుట్ట వేరు. లక్ష అణుభారమున్న పాలీస్టైరీన్ గొలుసు భ్రమణ వ్యాసార్థం, అంటే చుట్ట సైజుకు కొలత, 9 నానోమీటర్లకు దగ్గర. 12 నానోమీటర్లలో అది నిజంగానే ఇరుక్కుంటుంది. దీన్ని విద్యుత్తుతో చూడాలంటే సిస్-1,4-పాలీఐసోప్రీన్, అంటే సహజ రబ్బరు రసాయనమే, సరైన నమూనా. దాని ద్విధ్రువంలో ఒక భాగం గొలుసు వెన్నెముక వెంబడి ఉంటుంది, ఆ భాగాలన్నీ కలిసి గొలుసు ఒక కొస నుంచి ఇంకో కొసకు గీసిన గీతకు సమానమవుతాయి. అందుకే దాని స్పెక్ట్రమ్‌లో ఖండాల శిఖరంతోపాటు మొత్తం గొలుసు శిఖరం విడిగా కనిపిస్తుంది. పలచని పొరల్లో ఖండాల శిఖరం పెద్దగా చలించదు, గొలుసు శిఖరం మాత్రం బలంలోనూ ఆకారంలోనూ మారుతుంది. ఒకే నమూనాలో ఒకటి మారి, ఇంకోటి మారకుండా ఉండటం కంటే మంచి అంతర్గత సాక్ష్యం ఉండదు. ఉష్ణోగ్రత తప్పైతే రెండూ కలిసి జరిగేవి. మీకు ఇరుకు ప్రభావమే చూడాలని ఉంటే పాలీవినైల్ అసిటేట్‌ను వదిలి ఇటు రండి.

స్ఫటికంగా గడ్డకట్టే పాలిమర్లలో లెక్క ఇంకా మారుతుంది, ఒక్క ఉదాహరణతో సరిపెడతాను. ఫెర్రోఎలెక్ట్రిక్ (వోల్టేజీ తీసేసినా ధ్రువణం నిలిచే) పాలిమర్ పీవీడీఎఫ్-ట్రైఫ్లోరోఎథిలీన్‌ను స్పిన్ కోటింగ్‌తో 100 నానోమీటర్ల కంటే పలచన చేస్తే స్ఫటికత పడిపోయి ధ్రువణం దిశ మార్చడం కష్టమవుతుందన్నది 2001 నాటి ఫలితం. 1998లోనే లాంగ్‌మ్యూర్-బ్లాజెట్ పద్ధతిలో (నీటి మీద పరిచిన పలచని పొరను పలక మీదికి ఎత్తే పద్ధతి) అదే పాలిమర్‌ను కేవలం 1 నానోమీటర్ మందంలో ఫెర్రోఎలెక్ట్రిక్‌గా చూపించారు. మందం ఒక్కటే నిర్ణయిస్తే ఈ రెండూ ఒకే లోకంలో ఉండకూడదు. ఎలా పేర్చారన్నది మందం కంటే పెద్ద మాట.

మీరు ఇప్పుడు చేయవలసింది ఇది. నాలుగైదు మందాల్లో నమూనాలు చేసి 1/C రేఖ గీయండి. మీటర్ పరిధి ఉంటే 10 మెగాహెర్ట్జ్ దాకా కొలిచి ఆ కొత్త శిఖరం మందంతో, ఎలక్ట్రోడ్‌తో ఎలా జరుగుతుందో చూడండి. తరువాత 12 నానోమీటర్ల ఒకే నమూనాను పరికరంలోంచి తీయకుండా, పొడి నైట్రోజన్‌లో, 360 కెల్విన్ దగ్గర వేడి చేస్తూ రెండు గంటలకు, పన్నెండు గంటలకు, రెండు రోజులకు అదే వక్రరేఖ తీయండి. మూడు రేఖలూ ఒకదాని మీద ఒకటి పడితే మీ మిగిలిన 1.25 రెట్లు థర్మోకపుల్‌దే. క్రమంగా జరుగుతూ పోతే మొదట తేమను, మిగిలిన ద్రావణిని అనుమానించండి, అవి పోయాకా జరుగుతుంటే గోడకు అంటుకునే పొర గురించి మాట్లాడుకోవచ్చు. ఇప్పటిదాకా మీ నమూనాలను ఎన్ని గంటలు, ఏ వాయువులో వేడి చేశారో ప్రశ్నలో రాయలేదు, ద్రావణి ఏదో కూడా లేదు. అవి చెబితే అంటుకునే కాలం ఎంత ఉండవచ్చో కలిసి అంచనా వేద్దాం.